కామాటిపుర నుంచి కట్ట దాకా

నులక మంచం ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంటే 18 చదరపు అడుగులు. ముంబై 2034 అభివృద్ధి ప్రణాళిక తయారవుతున్న రోజుల్లో నగరపాలక సంస్థ వేసిన లెక్క ప్రకారం, పార్కులూ మైదానాలూ అన్నీ కలిపితే ఒక్కో మనిషి వాటాకు వచ్చే ఖాళీ జాగా 1.24 చదరపు మీటర్లు. అడుగుల్లో చెప్పాలంటే 13 పైచిలుకు. మంచం వాల్చుకోవడానికి కూడా చాలదు. పట్టణ ప్రణాళికకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలేమో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్లు ఉండాలంటాయి.

ఇంటి లోపల లెక్క ఇంకా ఇరుకు. వర్లీ, నాయిగావ్ బీడీడీ చాళ్లలో ఒక ఖోలీ 160 చదరపు అడుగులు. కామాటిపుర గల్లీల్లో అంతకంటే చిన్న గదుల్లోనే మూడు తరాలు గడిచిన కుటుంబాలున్నాయి. అలాంటి గదిలో పెరిగిన పిల్లవాడికో పిల్లకో పొద్దున్నే లేచి నాలుగడుగులు పరుగెత్తాలనిపిస్తే ఎక్కడికి పోవాలి? ఈ కథనం ఆ ప్రశ్నకు కిలోమీటర్లలో జవాబు వెతుకుతుంది. వెతికితే దొరికిన జవాబు నేననుకున్నదానికంటే చాలా ఆశాజనకంగా ఉంది.

పరుగు అందం గురించి ఎవరు రాసినా ముందు ఇంగ్లండు పల్లెల బొమ్మ వేస్తారు. పచ్చిక కప్పిన చిన్న చిన్న గుట్టలు, రాతి గోడలు, చర్చి గోపురం, మధ్యలో సన్నటి కాలిబాట. ఆ బొమ్మ అబద్ధం కాదు. చిపింగ్ క్యాంప్‌డెన్ నుంచి బాత్ నగరం దాకా పోయే కాట్స్‌వోల్డ్ దారి 164 కిలోమీటర్లు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా సున్నపురాతి కొండల వెన్ను మీద సాగే సౌత్ డౌన్స్ దారి 160 కిలోమీటర్లు. అయితే నాకు వీటికంటే పెద్దగా కనిపించే అంకె ఇంకొకటి ఉంది: ఇంగ్లండు, వేల్స్‌లలో కలిపి ప్రజలకు నడక హక్కున్న దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. ఆ దారి ఒకరి పొలం మధ్యనుంచి పోతున్నా సరే, పొలం యజమాని దాన్ని మూసేయకూడదు, దాని మీద నడిచేవాణ్ణి ఆపకూడదు. అక్కడి అసలు సంపద గుట్టలు కావు, ఆ హక్కు. ముంబైలో పరుగు దారుల్ని లెక్కపెట్టేటప్పుడు కూడా మనం అడగవలసింది అదే: దారి ఎంత పొడవుంది, ఆ పొడవులో ఎంత మనది?

రెండు కిలోమీటర్ల గీత

కామాటిపుర నడిమధ్య నిలబడి మ్యాపు మీద రెండు కిలోమీటర్ల వృత్తం గీయండి. వాయవ్యాన హాజీ అలీ దగ్గర గీత సముద్రాన్ని తాకుతుంది. నైరుతిన గిర్‌గావ్ చౌపాటీ ఇసుక లోపలికే వస్తుంది. ఉత్తరాన మహాలక్ష్మి రేస్‌కోర్సు. ఈశాన్యాన బైకుల్లాలో రాణీబాగ్, 1862లో విక్టోరియా గార్డెన్స్ పేరుతో తెరిచిన 50 ఎకరాల పైచిలుకు తోట. రోడ్డు వెంబడి కొలిస్తే ఒక్కోదానికీ మరో రెండు మూడు వందల మీటర్లు కలుస్తాయి, అంతే. నగరంలో ఇంత కిక్కిరిసిన చోటు నుంచి నాలుగు వైపులా ఇంత దగ్గరగా ఖాళీ జాగా ఉండటం కాకతాళీయం కాదు. దాని వెనక ఒక కట్ట ఉంది.

18వ శతాబ్దిలో బొంబాయి ఏడు దీవులు. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య ఉన్న గండిలోంచి ప్రతి పోటుకూ సముద్రం లోపలికి వచ్చి దీవుల నడుమ పల్లపు నేలంతా ముంచేది. గవర్నర్ విలియం హార్న్‌బీ కాలంలో ఆ గండికి అడ్డంగా కట్ట వేశారు. అదే హార్న్‌బీ వెల్లార్డ్, పూర్తయింది 1784లో. ఇప్పుడు హాజీ అలీ దగ్గర కార్లు పరుగులు తీసే లాలా లాజ్‌పత్‌రాయ్ మార్గ్ ఆ కట్ట మీదిదే. నీళ్లు ఆగాక లోపలి చిత్తడి మెల్లగా నేలైంది. ఆ నేలను పూడ్చి, రోడ్లు వేసి, ఇళ్లు లేపే పనికి నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి మట్టిపని వాళ్లు, రాతిపని వాళ్లు, తాపీ మేస్త్రీలు వచ్చారు. కామాటీలు. ఆ శతాబ్ది చివరి నుంచి వాళ్లు స్థిరపడ్డ వాడే కామాటిపుర. వాళ్లలోంచి తర్వాతి కాలంలో పెద్ద కాంట్రాక్టర్లు పుట్టారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వ్యంకూ బాళాజీ కాళేవార్ వంటి వాళ్లు 1873లో జోతీరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. ఈ వాడ పేరు చెప్పగానే బయటివాళ్లకు ఒకే ఒక్క విషయం గుర్తుకొస్తుంది. ఇక్కడి వాళ్లు నగరానికి కాళ్ల కింద నేల ఇచ్చారన్న సంగతి గుర్తుకు రాకపోవడం నన్ను బాధిస్తుంది.

తెలంగాణ పల్లెలో పొద్దున్నే పరుగెత్తాలనుకున్న కుర్రవాడు పోయేది చెరువు కట్ట మీదికే. ఎత్తుగా ఉంటుంది, గాలి తగులుతుంది, ఒక పక్క నీళ్లు, మరో పక్క పొలాలు, బండ్లు తక్కువ. ఇంగ్లండు వాళ్లకు పచ్చిక గుట్ట ఎలాగో మనకు చెరువు కట్ట అలాగ. మిషన్ కాకతీయ లెక్కలో తెలంగాణ చెరువులు 46,531. అన్ని కట్టల ఊళ్లలోంచి వచ్చినవాళ్లకు బొంబాయిలో దొరికిన కట్ట హార్న్‌బీ వెల్లార్డ్. మరాఠీలోనూ 'కట్టా' ఉంది, అయితే అక్కడ దానర్థం నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకునే పొట్టి గోడ. దాని సంగతికి తర్వాత వస్తాను.

మూడు దారులు, ఒక గుట్ట

మొదటిది రేస్‌కోర్సు దారి. గల్లీలోంచి బయటపడి ఉత్తరానికి తిరిగితే సాత్ రస్తా, అక్కణ్ణుంచి మహాలక్ష్మి స్టేషన్ వంతెన. వంతెన మీద ఒక్క నిమిషం ఆగండి. కింద ధోబీ ఘాట్‌లో వరసలు వరసలుగా సిమెంటు తొట్లు, తాళ్ల మీద ఆరుతున్న వేలాది బట్టలు. ముంబైలో నాకు తెలిసిన పల్లెటూరి దృశ్యాల్లో ఇదొకటి. వంతెన దిగితే రేస్‌కోర్సు. 1883 నుంచీ గుర్రాలు పరుగెత్తుతున్న ఈ నేల అంతకు ముందు చిత్తడి. గుర్రాల బాట చుట్టుకొలత సుమారు 2,400 మీటర్లు. ఉదయం, సాయంత్రం నడిచేవాళ్లనూ పరుగెత్తేవాళ్లనూ రానిస్తారు. మోకాళ్లకు మట్టి నేల చేసే మేలు కాంక్రీటు ఎన్నటికీ చేయలేదు కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు దీనికే. పోను 2.2, ఒక రౌండు 2.4, రాను 2.2. ఇల్లు చేరేసరికి దాదాపు 7 కిలోమీటర్లు.

ఈ 7 కిలోమీటర్లను కొంచెం విప్పి చూద్దాం. కిలోమీటరుకు ఏడు నిమిషాల నెమ్మది పరుగుతో 49 నిమిషాలు పడుతుంది. పరుగులో ఖర్చయ్యే శక్తికి ఒక మోటు లెక్క ఉంది: కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి, ఒక కిలోక్యాలరీ. 60 కిలోల మనిషికి 420. ఒక వడాపావ్ అరిగిపోయి ఇంకా మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కనీస వ్యాయామం, గట్టిగా చేసేదైతే, వారానికి 75 నిమిషాలు. అంటే వారంలో రెండే రెండు రోజులు రేస్‌కోర్సు దాకా పోయివస్తే ఆ గీత దాటినట్టే. ఎనిమిది గంటల షిఫ్టు నిలబడి చేసేవాడికి, తెల్లారి నీళ్లు పట్టుకోవాల్సిన ఇల్లాలికి రోజూ గంట దొరకదు. రెండు రోజులు దొరకొచ్చు.

రేస్‌కోర్సు మీద హక్కు మాట కూడా చెప్పుకోవాలి. మొత్తం 211 ఎకరాల్లో 120 ఎకరాలు ప్రజల పార్కు కోసం నగరపాలక సంస్థకు, 91 ఎకరాలు గుర్రప్పందేల క్లబ్బు లీజుకు అని 2024లో ప్రభుత్వం తేల్చింది. 120 ఎకరాలు వినడానికి పెద్ద అంకె. 2011 జనాభా లెక్కల్లోని 1.24 కోట్ల ముంబైవాసులకు పంచితే ఒక్కొక్కరికి 390 చదరపు సెంటీమీటర్లు. రెండు పాదాలు పక్కపక్కన పెట్టుకోవడానికి కూడా చాలని చోటు. అందుకే అందులో ప్రతి చదరపు గజం పరుపు రాళ్లతో, ఫుడ్ కోర్టులతో నిండకుండా మట్టిగానే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

రెండో దారి తార్‌దేవ్ మీదుగా హాజీ అలీకి. సముద్రంలో దర్గా, పోటు వేళ మునిగిపోయే దాని సన్నని బాట, ఆ వెనక అంతా ఆకాశం. ఇన్నాళ్లూ ఇక్కడ పరుగు అంటే కార్ల పొగలో పరుగే. 2024 మార్చిలో కోస్టల్ రోడ్డు మొదటి భాగం తెరుచుకుంది. మొత్తం రోడ్డు 10.58 కిలోమీటర్లు, దాని కోసం సముద్రాన్ని పూడ్చింది 111 హెక్టార్లు. రోడ్డు కార్లకు, నిజమే. కానీ దాని అంచున సముద్రం వైపు 7.5 కిలోమీటర్ల నడకదారి అనుకున్నారు, అందులో 5.25 కిలోమీటర్లు 2025 ఆగస్టులో జనానికి తెరిచారు. మలబార్ హిల్ కింద ప్రియదర్శినీ పార్కు నుంచి వర్లీ వైపు సాగే ఈ దారిలో సిగ్నల్ లేదు, మలుపులో హారన్ లేదు. 1784 నాటి కట్ట ఇప్పుడు ఒడ్డుకు లోపలైపోయింది, కొత్త కట్ట దాని ముందుకొచ్చింది. కామాటీ మునిమనవలు ఇంకా ముందుకెళ్లి నీళ్ల అంచున పరుగెత్తవచ్చు. చేపల వేటకు ఆధారమైన రాతి ఒడ్డు ఈ పూడికలో పోయిందన్న వర్లీ కోలీల గోడు కూడా ఆ దారి కిందే ఉందని మాత్రం మరచిపోకూడదు.

మూడోది అందరికీ తెలిసినదే. గ్రాంట్ రోడ్డు మీదుగా చౌపాటీ, అక్కణ్ణుంచి మెరైన్ డ్రైవ్ వంపు వెంట నారీమన్ పాయింట్ దాకా. వంపు పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. పోయివస్తే 12 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. ఎత్తుపల్లాలు లేవు, వెడల్పాటి కాలిబాట, దీపాలు. ఒంటరిగా పరుగెత్తే ఆడపిల్లలకు తెల్లవారకముందు ఇదే ఎక్కువ ధైర్యమిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఎప్పుడూ నలుగురు మనుషులుంటారు.

ఇక ఆ ఇంగ్లండు గుట్టల రుచి కావాలంటే మలబార్ హిల్ ఎక్కాలి. ఎత్తు సుమారు 50 మీటర్లు, పదహారంతస్తుల భవనమంత. పైన చెట్ల మధ్య 2025 మార్చిలో 485 మీటర్ల చెక్క నడకబాట తెరిచారు, టికెట్ 25 రూపాయలు. అక్కడ పరుగు కుదరదు, నడవాలి. ఎక్కొచ్చిన ఆయాసం తీరడానికి అంతకంటే మంచి చోటు లేదు.

42.195 ఎక్కడిది?

మారథాన్ దూరం ఎందుకంత వంకర అంకె అని పిల్లలు అడుగుతుంటారు. దాని జవాబు ఆ ఇంగ్లండు పల్లెల్లోనే ఉంది. 1908 లండన్ ఒలింపిక్స్ మారథాన్ విండ్సర్ కోట దగ్గర మొదలై ఈటన్, స్లౌ, అక్స్‌బ్రిడ్జ్, హారో మీదుగా వైట్ సిటీ స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు ముగిసింది. ఆ దూరం 26 మైళ్ల 385 గజాలు. జూలై 24, ఆ దేశపు లెక్కకు మండే ఎండ. 55 మంది బయలుదేరితే 27 మందే చేరారు. 1921లో ప్రపంచమంతా ఆ దూరాన్నే ఖాయం చేసింది. అంటే ముంబై మారథాన్‌లో పెడ్డర్ రోడ్డు ఎక్కుతూ ఒకడు రొప్పుతున్నాడంటే, ఆ చివరి మీటర్ల దాకా కొలత విండ్సర్ కోటది.

ముంబై మారథాన్ మొదలైంది 2004 ఫిబ్రవరిలో. కరోనా వల్ల రెండేళ్లు ఆగి, 2025 జనవరి 19న ఇరవయ్యోసారి జరిగినప్పుడు అన్ని దూరాలూ కలిపి 60 వేల మందికి పైగా పేర్లిచ్చారు. అదే 2004 అక్టోబరులో లండన్ బుషీ పార్కులో 13 మంది కలిసి ఒక శనివారం 5 కిలోమీటర్లు పరుగెత్తారు. రుసుము లేదు, పతకాలు లేవు. ఇప్పుడది పార్క్‌రన్ పేరుతో ఎన్నో దేశాల్లో వారం వారం సాగుతోంది. మన గల్లీలకు రెండోదే సరిపోతుందని నా నమ్మకం. దానికి కావలసింది 13 మంది, ఒక శనివారం, ఒక రేస్‌కోర్సు రౌండు.

మిల్లు వాడల దారులు

ముంబై తెలుగువాళ్లంటే కామాటిపుర ఒక్కటే కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మగ్గాలు వదిలి బట్టల మిల్లులకు వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్, నాయిగావ్‌లలో స్థిరపడ్డారు. 1920ల మొదట్లో కట్టిన బీడీడీ చాళ్లు మొత్తం 207: వర్లీలో 121, నాయిగావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివ్డీలో 12. ఒక్కో చాల్‌లో 80 ఖోలీలు. ఇప్పుడవి కూలి 500 చదరపు అడుగుల ఫ్లాట్లతో టవర్లు లేస్తున్నాయి. వర్లీలో మొదటి 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో తాళాలిచ్చారు. కామాటిపుర గల్లీల్లోనూ సుమారు 8,000 మంది అద్దెదారులకు అలాంటి ఇళ్లే అని ప్రణాళిక. గది మూడింతలవుతుంది, సంతోషం. ఒకటే భయం. చాల్‌లో వరండా ఉండేది, మెట్లు దిగితే వాకిలి ఉండేది, పిల్లలు ఆ వాకిట్లోంచే పరుగు మొదలుపెట్టేవాళ్లు. ఇరవయ్యో అంతస్తులోని పిల్ల లిఫ్టు దిగి గేటు దాటితే గానీ పరుగు లేదు. టవర్ల చుట్టూ కార్ల పార్కింగు ఎంతో గీసేటప్పుడే పరుగు బాట ఎంతో కూడా గీయమని ఇప్పుడే అడగాలి.

వర్లీ వాళ్లకు సీఫేస్ నడక దూరం. ప్రభాదేవి వాళ్లకు శివాజీ పార్కు. నేను పైన దాచుకున్న కట్టా ఇదే: దాదర్ శివాజీ పార్కు చుట్టూ ఉన్న పొట్టి గోడ, పొడవు 1.17 కిలోమీటర్లు. నాలుగుంపావు రౌండ్లు పైగా తిరిగితే ఐదు కిలోమీటర్లు. 36 రౌండ్లు తిరిగితే మారథాన్. గోడ మీద ముసలివాళ్లు కూర్చుని ఉంటారు, పరుగెత్తేవాళ్లు వాళ్ల మోకాళ్లను రాసుకుంటూ పోతుంటారు. చెరువు కట్టకూ ఈ కట్టాకూ ఆ ఒక్క విషయంలో చుట్టరికం ఉంది, రెండింటి మీదా మనుషులు ఒకరినొకరు చూసుకుంటారు.

గాలి, వేళ

ఒక అంకెను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. పరుగులో అది 50 లీటర్లు దాటుతుంది. ఆ 49 నిమిషాల రేస్‌కోర్సు పరుగులో పీల్చే గాలి, కూర్చుని ఐదారు గంటలు పీల్చేంత. గాలిలోని సన్నని ధూళికి, పీఎం 2.5కు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన రోజు హద్దు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు. మన దేశపు హద్దు 60, అంటే నాలుగింతలు. చలికాలంలో ముంబైలో గాలి కదలిక తగ్గి ధూళి కిందే నిలుస్తుంది. పరుగుకు హాయైన చలి నెలల్లోనే గాలి చెడుతుంది. ఫోన్లో ఆ రోజు పీఎం 2.5 అంకె చూసి, 60 దాటితే పరుగు మాని నడవండి, 100 దాటితే ఇంట్లోనే ఉండండి. ఇది నా సొంత పద్ధతి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరు మాటే వినాలి.

వేళ సంగతి. జనవరి నడిమిలో సూర్యోదయం 7.14కు, జూన్ మొదట్లో 6 గంటలకు. అంటే ఎండాకాలంలో 5.30కే బయలుదేరొచ్చు, చలికాలంలో ఆ వేళకు పూర్తి చీకటి. జూలైలో కొలాబాలో సగటున 700 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. ఆ నెలలో పోటు వేళ సముద్రపు అంచు దారులు వదిలేసి సాత్ రస్తా వైపు తిరగడం మేలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోల్ నీళ్ల కింద కనిపించదు కాబట్టి కాలిబాట మీంచి దిగొద్దు.

జనవరి మూడో ఆదివారం మాత్రం వాతావరణం ఎలా ఉన్నా లేవండి. ఆ ఉదయం మారథాన్ పెడ్డర్ రోడ్డు మీదుగా, హాజీ అలీ ముందుగా పోతుంది, ఆ రోడ్లు కార్లకు మూసేస్తారు. కామాటిపుర నుంచి అక్కడికి రెండు కిలోమీటర్ల చిల్లర, నెమ్మదిగా పరుగెత్తితే పదిహేడు నిమిషాలు. ఛాతీ మీద నంబరు లేకపోయినా కాలిబాట మీద నిలబడొచ్చు. పిల్లల్ని వెంట తీసుకెళ్లి, గుట్ట ఎక్కే వాళ్లకు నారింజ తొనలు పట్టుకుని చేయి చాచండి. వాళ్లు పట్టుకెళ్తారు.